అనురాధపురం ఫోటోలో చెయ్యి

అంత నీలం లేదు దాంట్లో, ఏ కోశానా లేదు, ఇది ప్రొజెక్టరు చేసిన పాపమో ఫోటో తీసినవాడి ఫోను చేసిన పాపమో అయ్యుండాలి, ఆ రోజు ఎండలో ఆ స్తూపం సున్నపు తెలుపు, పాత సున్నంలో రవ్వంత పసుపు దిగితే వచ్చే తెలుపు, కాచిన పాలు ఆరాక పైన కట్టే మీగడ తెలుపు, అని కన్యకాంబ తెర మీదికి చూస్తూ అనుకుంది. అనుకుని చుట్టూ చూసింది. తిరువళ్ళూరు రైల్వే స్టేషనుకు వెళ్ళే దారిలో కళ్యాణ మండపం. ఎవరి పెళ్ళికో పెట్టిన థర్మాకోల్ హంసలను తీయకుండానే వాటి మెడల మీదుగా పెయింటు కంపెనీ బ్యానరు కట్టేశారు. ఏసీ చలికి కొంగులు భుజాల నిండా లాక్కుని కూర్చున్న ఈ ఆడవాళ్ళ వరసల్లో గానీ, ముందువైపు తెల్లగుడ్డ తొడిగిన కుర్చీల్లో కాళ్ళు బార్లా చాపుకున్న ఆ మగవాళ్ళలో గానీ, ఆ నీలం తేడా పట్టుకోగల మనిషి ఒక్కరూ లేరు. అందరూ రంగులు అమ్మి బతికేవాళ్ళే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఎప్పటిలాగే ఒక సుఖం, ఎండలోంచి వచ్చి చల్లటి గచ్చు మీద అరికాలు పెట్టినప్పటి సుఖం.

శుభకార్యాలు చేయని ఆడి మాసంలో ఇంటికి రంగు వేయించే మనిషి ఈ జిల్లాలో ఉండడు, అందుకే కంపెనీ తన డీలర్ల సభను ఆడిలోనే పెడుతుంది. పని లేని నెలలో మర్యాదలు చవక. పోయిన నెల ఓడ. టార్గెట్ దాటిన డీలర్లను భార్యలతో సహా చెన్నై రేవులో ఓడ ఎక్కించి లంక దాకా తిప్పి తెచ్చారు. ట్రింకోమలీలో ఓడ ఆగిన రోజు బస్సుల్లో కుక్కి అనురాధపురం తీసుకుపోయారు. ఒకప్పటి రాజధాని. వెయ్యేళ్ళకు పైగా రాజులు ఏలిన ఊరు. ఆ ఊరిని వీళ్ళు పొద్దుటి ఇడ్లీకీ మధ్యాహ్నం పులిహోరకూ మధ్య చూసి ముగించారు. ఇప్పుడు ఆ ఫోటోలన్నీ పాట పెట్టి వేస్తున్నారు. ఇవి అయిపోయాక ఏరియా మేనేజరు పార్థిబన్ కొత్తగా తెరవబోయే అంగళ్ళ పేర్లు పిలుస్తాడు. పేరు పిలిచినప్పుడు ఆ అంగడి కుర్చీలో ఉన్నవాళ్ళు వేదికెక్కి, రంగులు కలిపే మిషను తాళం అందుకుని, దండ వేయించుకుని, ఆ రోజు నుంచి ఆ అంగడికి యజమాని అవుతారు. పిలవబోయే పేర్లలో కనకమ్మ సత్రం ఉంది, తిరుత్తణి దారిలో ఆ ఊళ్ళో తమ రెండో అంగడి. మొదటి వరసలో ఆ పేరు అంటించిన కుర్చీ, దాని పక్కనే 'కుప్పయ్య అండ్ సన్స్, తిరుత్తణి' అని అంటించిన కుర్చీ. తిరుత్తణి కుర్చీలో ఆమె భర్త లక్ష్మీకాంత్ ఉన్నాడు. సత్రం కుర్చీలో అతని అక్క కొడుకు శరత్‌కుమార్ హెల్మెట్ ఉంది. శరత్‌కుమార్ బయట, కంపెనీ వాళ్ళు నిలబెట్టిన పెద్ద బ్రష్షు బొమ్మ పక్కన ఫోటోలు తీసుకుంటున్నాడు. ఆ హెల్మెట్ వైపు చూడకూడదని ఆమె తెర వైపు చూస్తోంది.

స్తూపం తెర మీంచి పోలేదు ఇంకా, పాటలో వేణువు సాగుతున్నంతసేపూ సాగదీస్తారు కాబోలు. దాని ముందు ఆ రోజు తెల్లబట్టల వాళ్ళు ఎంతమంది, తామరలు పళ్ళేల్లో పెట్టుకుని, పెదవులు మాత్రం కదిలిస్తూ. వాళ్ళ మధ్యలోకి వీళ్ళు, మెడలో కంపెనీ ట్యాగులు, నెత్తిన కంపెనీ టోపీలు, టోపీలు తీయమని కాపలావాడు సైగ చేస్తే టోపీ ఊపి వాడికి టాటా చెప్పిన ఘనులు. "ఎన్ని లీటర్లు పట్టింటాదిరా దీనికి?" అన్నాడొకడు. అంతే, దొరికింది వీళ్ళకు దేవుడు. లక్ష్మీకాంత్ ఫోను తీసి లెక్క కట్టాడు. "ఎమల్షన్ కాదన్నా ఇది, సున్నం. ఏడాదికొకసారి కొడతారంట. కాంట్రాక్టు ఎవురికిస్తారో కనుక్కోవల్ల" అన్నాడు, నిజంగానే కనుక్కోవడానికి గైడు కోసం చూశాడు. ఇటుకల గుట్టలా నిలబడిన ఇంకో పెద్ద స్తూపం దగ్గర, పూత పూయకుండా ఎందుకు వదిలేశారని బాధపడ్డాడు. ఆమెకు నవ్వు రాలేదు, సిగ్గు కూడా రాలేదు. బస్సు కిటికీలోంచి గొర్రెల మందను చూసినట్టు చూసింది. తను మాత్రం ఏం చేసింది? ఆ తెలుపులో పసుపు ఎన్ని చుక్కలు, నలుపు అరచుక్క పడుతుందా పడదా, అని లోపల మిషను తిప్పుకుంటూ నిలబడింది. పక్కన ఒక ముసలామె కళ్ళు మూసుకుని ఏడుస్తోంది, ఎందుకు ఏడుస్తోందో చూద్దామని కూడా అనిపించలేదు. కానీ అది వేరు. అది వేరు అని ఆమె అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంది.

"అక్కా, అదో, ఆ చిలకాకుపచ్చ నేనే! కనపడితినా?"

అమృతవల్లి. శోళవరం డీలరు భార్య. ఓడలో పక్క గది, బస్సులో పక్క సీటు, ఇప్పుడు పక్క కుర్చీ, ఏ జన్మలో ఏం చేసుకుందో. చిలకాకుపచ్చ అట. అది మందు కొట్టిన వరిపైరు రంగు, షేడ్ కార్డులో కూడా ఎవరూ వేలు పెట్టని రంగు.

"కనపడినావు లేమ్మా. నువ్వు తప్ప ఏమీ కనపడలా."

"పో అక్కా, నీకంతా ఎగతాళి. ఇదయినాక నేరుగా పెరియపాళయం అమ్మోరి గుడికి పోతాండాం. మా కోడలికి వేపాకు చీర కట్టే మొక్కుండాది. నువ్వూ రారాదా? కార్లో చోటుండాది."

"నాకేం మొక్కుల్లేవు."

"అదేంది, సత్రంలో అంగడి తెరస్తాండారు గదా! అమ్మోరికి చెప్పుకోకుండానా?"

అమ్మవారికి చెప్పుకోవడం. ఈవిడకు ఎక్కడ రాయి కనిపించినా చెప్పుకోవాల్సింది ఒకటి ఉంటుంది. అనురాధపురంలో ఒక పాత మంటపం మెట్ల పక్కన చెక్కిన రాయి, పడగ విప్పిన నాగరాజు, చేతిలో పూర్ణకుంభం. గైడు ఇది ద్వారపాలకుడి శిల్పం అని చెబుతూనే ఉన్నాడు, ఈవిడ హ్యాండుబ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసి నాగరాజు నుదుట పెట్టేసింది. వెనకాల ఇద్దరు ముగ్గురు వరస కట్టారు. ఒకామె జడలోంచి మల్లెపూలు తెంపి పడగ మీద పెట్టింది, ఇంకొకామె అరటిపండు కోసం సంచీ వెతుకుతోంది, అంతలో కాపలావాడు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. తిరుత్తణిలో వేపచెట్టు కింది నాగరాయికి చేసినట్టే చేశారు, రాజధాని అయినా రాజు అయినా వీళ్ళకు ఊరి చివరి నాగరాయే. లక్ష్మీకాంత్ వెళ్ళి "సారీ సార్, సారీ, లేడీస్ సార్" అని ఆ కుంకుమను తన కొత్త రుమాలుతో తుడిచాడు, తుడిచేకొద్దీ అది రాతి గీతల్లోకి దిగి నాగరాజు ముక్కు దాకా ఎర్రగా అయింది. లేడీస్ సార్. ఆ ఒక్క మాటలో అందరినీ చుట్టేశాడు, పొట్లం కట్టినట్టు. ఆమె దూరంగా నిలబడి ఉంది, ఎప్పటిలాగే దూరంగా. అయితే ఆమె ఉంగరపు వేలి కొసన ఎరుపు ఉంది. అమృతవల్లి పొట్లం చాపినప్పుడు వేలు దానంతట అదే వెళ్ళి ముంచుకుంది, చిన్నప్పటి వేలు, దానికి బుద్ధి లేదు. చీర కుచ్చిళ్ళ లోపలివైపు తుడుచుకుని ఎవరూ చూడలేదని నిర్ధారించుకున్నాక, అప్పుడు చూసింది వాళ్ళందరినీ చిన్నచూపు.

తెర మీద ఓడ వచ్చింది. తెల్లటి ఓడ, ఈ తెలుపులో నీలం నిజంగానే ఉంది. లక్ష్మీకాంత్ దాని మీద చూసిన మొదటి వింత తన కడుపు. రేవు దాటిన మధ్యాహ్నమే అలలు లేచాయి, పక్కగదుల వాళ్ళందరూ పైన డాన్సులు చూస్తుంటే అతను మంచం మీద ముడుచుకుపోయి, కాగితం సంచీ గడ్డం కింద పట్టుకుని, ఆమె చెయ్యి నుదుటి మీద ఉంచుకుని, చిన్నపిల్లవాడిలా ఏడిచాడు. "నువ్వు లేకుంటే అంగడి యాడిది కన్యకా" అన్నాడు. "నాకు తెలీదా. రంగు కలిపేది నువ్వు, మేస్త్రీలు నీ మొగం చూసి వస్తారు. సత్రం అంగడి నువ్వే చూసుకో. నాకేమొద్దు. తాళం నీ చేతికే ఇప్పిస్తాను." అని మళ్ళీ కక్కుకున్నాడు. ఎంత నీచమైన చోటులోంచి వచ్చింది ఆ మాట, పుల్లటి వాసనతో పాటు. ఆమె తడిగుడ్డతో అతని మూతి తుడిచి, ఆ మాటను మాత్రం తుడవకుండా దాచుకుంది. మర్నాడు ఓడ నిలకడగా ఉంది, అతనూ నిలకడగా ఉన్నాడు, నాలుగు దోసెలు తిన్నాడు. ఆ మాట సంగతి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. గుర్తు చేయడమంటే అడగడం, అడగడమంటే చెయ్యి చాపడం, కక్కుకుంటూ అన్న మాటకు సాక్షిగా నిలబడటం ఎంత చిన్నతనం. మనిషికి మానముంటే తనకే గుర్తుండాలి. ఇలా అనుకోవడం ఆమెకు బాగా అలవాటు. ఇలా అనుకున్నప్పుడల్లా తన వీపు నిటారుగా అయ్యేది, అది మాత్రం లాభం.

కనకమ్మ సత్రంలో అంగడి గది చూడటానికి ఒకసారి ఒంటరిగా వెళ్ళింది. కప్పు కారుతోందని మేస్త్రీ చెప్తే, లక్ష్మీకాంత్‌కు తీరిక లేక ఆమెను పంపాడు. రోడ్డు మీద లారీలు తిరుత్తణి వైపు ఒకటి, తిరువళ్ళూరు వైపు ఒకటి, దుమ్ము, టీ అంగళ్ళ చప్పుడు. షట్టరు సగం దించుకుని లోపల నిలబడితే అవన్నీ ఎవరో పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు వినిపించాయి. తడి సిమెంటు వాసన. గోడలకు ఇంకా ఏ రంగూ లేదు. ఒక్క మేకు లేదు, ఒక్క పటం లేదు, కూర్చోవడానికి ఏమీ లేదు, ఎవరి చోటూ లేదు. కింద దినపత్రిక పరిచి గది నడిమధ్యన కూర్చుంది. కప్పు కారడం లేదు. మేస్త్రీ ఊరికే అన్నాడు. అయినా చాలాసేపు కూర్చుంది, మిషను ఇక్కడ, డబ్బాలు అక్కడ, వచ్చినవాళ్ళకు బెంచీ ఇక్కడ, అని కాదు, ఏమీ అనుకోకుండా కూర్చుంది. తన ఊపిరి తనకే వినిపించింది. ఇంటికి వచ్చి "కారలేదు" అని మాత్రం చెప్పింది.

తిరుత్తణి అంగడిలో అలా నడిమధ్యన కూర్చునే వీలు లేదు. అక్కడ గద్దె ఉంది. మామగారు కుప్పయ్య కూర్చున్న ఎత్తుపీట, దాని మీద దిండు. ఆయన పోయాక లక్ష్మీకాంత్ పీట తీసేసి తిరిగే కుర్చీ వేయించాడు గానీ గద్దె అనే పిలుస్తాడు, చెప్పులు విడిచే ఎక్కుతాడు, ఎంత తొందరలో ఉన్నా సరే. అతను బయటికి వెళ్ళేటప్పుడు కుర్చీలో తన తుండుగుడ్డ మడిచి పెట్టి వెళ్తాడు. మామగారూ అలాగే చేసేవారు. అంటే గద్దె ఖాళీగా లేదని అర్థం. ఆ తుండుగుడ్డ పక్కన మిషను దగ్గర స్టూలు మీద ఆమె పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చుంటుంది. కాగితంలో గోడ పెచ్చు చుట్టుకుని వచ్చిన వాళ్ళకు ఆ రంగు కలిపి ఇస్తుంది, మేస్త్రీలతో బేరం చేస్తుంది, పనివాడు మునుస్వామిని కేకలేస్తుంది. వచ్చిన కొత్తవాళ్ళు తుండుగుడ్డ వైపు చూసి "అయ్యా లేరా?" అంటారు. "వస్తారు, చెప్పండి" అంటుంది. ఎవరూ ఆమెను గద్దె ఎక్కొద్దనలేదు. మామగారు అనలేదు, లక్ష్మీకాంత్ అనలేదు. ఆమే ఎక్కలేదు. తుండుగుడ్డ తీసి పక్కన పెట్టడం ఎంత పని? కానీ గుడ్డపేలికతో పోటీ పడటమా, ఆ గుడ్డపేలికకు దండం పెట్టే ఈ మనుషుల ముందు? ఆమెకు అంత కర్మ పట్టలేదు. కూతురు దర్శిని చెన్నై నుంచి వచ్చినప్పుడు నవ్వుతుంది, "ఎందుకమ్మా ఆ స్టూలు, నడుం నొప్పి అంటావు, కుర్చీలో కూర్చో." నీకు తెలీదు లే, అంటుంది తను. తెలియనిది ఎవరికి?

బండ వచ్చింది తెర మీద.

బోడి బండ, దాని మీద మెట్లు మెట్లుగా చదును చేసిన అరుగులు. చూడటానికి ఏమీ లేదని బస్సు ఆపడం దండగ అన్నారు అందరూ, గైడు బతిమాలి దింపాడు. సన్నటి మనిషి, లంక తమిళం, గొడుగు. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడికి వ్యాపారానికొచ్చిన తమిళ వర్తకులు కలుసుకునే చోటు ఇది అన్నాడు. ఎవరి ఆసనం దగ్గర వాళ్ళ పేరు రాతిలో చెక్కి ఉంది, ఇదిగో ఇది ఫలానావాడిది, ఇది ఫలానావాడిది, అందరి కంటే పైన ఉన్నది ఓడ నడిపినవాడిది. గొడుగు కొసతో ఒక్కొక్క అక్షరం చూపిస్తుంటే వీళ్ళకు ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. స్తూపం ముందు రాని భక్తి, నాగరాజు ముందు రాని భక్తి. "మన సెట్టిగాళ్ళేరా!" అన్నాడు లక్ష్మీకాంత్, తమిళమో తెలుగో ఆ రాతికి పట్టింపు లేనట్టు. "ఓడాయన పైన, మనం కింద. ఇప్పుడూ అంతే గదా, కంపెనీ పైన, డీలరు కింద!" అందరూ పడి పడి నవ్వారు. తరువాత ఒక్కొక్కడే చెప్పులు విడిచాడు. గైడుకు అర్థం కాలేదు, ఇది గుడి కాదండీ అన్నాడు. గుడి కాదు, గద్దె. వర్తకుడు కూర్చున్న చోట చెప్పులతో కూర్చోవడం వీళ్ళ చేత కాదు, రెండు వేల ఏళ్ళ కిందటి వర్తకుడైనా సరే. కాలుతున్న బండ మీద మేజోళ్ళతో ఎగురుకుంటూ వెళ్ళి తలా ఒక అరుగు ఆక్రమించుకున్నారు, పై అరుగు కోసం తోసుకున్నారు కూడా. లక్ష్మీకాంత్ కొత్త బూట్లు విప్పి అటూ ఇటూ చూశాడు. చెట్ల మీద కోతులున్నాయి. తిరుత్తణి కొండ మెట్ల మీద కోతుల సంగతి తెలిసిన మనిషి. బూట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "రవంత పట్టుకో. కోతి ఎత్తుకపోతాది." ఫోటోకు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకోవాలి గదా, మామగారి పటంలో ఉన్నట్టు.

ఆమె పట్టుకుంది. పట్టుకుని, ఎందుకు అడిగిందో తెలియదు, గైడును అడిగింది, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళు అని. ఎగతాళిగానే అడిగింది, అలా అని తనకు తను చెప్పుకుంది. గైడు నిజంగా ఆలోచించాడు. రాతి మీద లేదమ్మా, అన్నాడు మెల్లగా, తప్పు తనదే అయినట్టు. పై నుంచి లక్ష్మీకాంత్ అరిచాడు, "రాతి మీద యాడుంటారప్పా, పొయ్యి కాడుంటారు!" బండంతా నవ్వింది. పార్థిబన్ ఫోను పట్టుకుని "ఎల్లారుం ఇంగే పారుంగ, అందరూ ఇటు" అన్నాడు. అంతా అటు చూశారు.

ఆ ఫోటోనే ఇది. మగవాళ్ళు బారులు తీరి రాజుల్లా కూర్చున్నారు, బొజ్జల మీద ట్యాగులు మెరుస్తున్నాయి. హాల్లో చప్పట్లు మోగాయి, ముందు వరసలో లక్ష్మీకాంత్ వెనక్కి తిరిగి ఎవరికో తనను తాను చూపించుకుంటున్నాడు. అతని వైపు ఫోటో అంచున, చట్రం కోసేసిన చోట, ఒక చెయ్యి ఉంది. మోచేతి నుంచి కిందికి మాత్రమే. రెండు గాజులు, నల్లటి బూట్ల జత వేళ్ళకు తగిలించుకుని, కాస్త ఎత్తి, నేల తగలకుండా. చూపుడు వేలి గోరు పక్కన నీలం మరక. ఓడ ఎక్కే ముందు రోజు ఎవరికో గోడ రంగు కలుపుతుంటే అంటుకున్నది, వారం దాకా పోలేదు. తెర మీద ఆ చెయ్యి మనిషంత ఉంది. ఎంత జాగ్రత్తగా పట్టుకుంది ఆ చెయ్యి. అది ఆశ్చర్యం. వాటిని ఎంత చిన్నచూపు చూస్తూ పట్టుకున్నానని అనుకుంది తను! బూట్లను, అతన్ని, ఆ బండను, ఆ నవ్వును, అన్నింటినీ. ఆ చిన్నచూపు ఎక్కడుంది ఫోటోలో? చేతిలో లేదు. చెయ్యి బూట్లకు దుమ్ము అంటకుండా చూసుకుంటోంది.

"అదెవురి చెయ్యక్కా?" అంది అమృతవల్లి ముందుకు వంగి. "షూసు పట్టుకోనుండాదే. దానికి కూడా మనిషిని పెట్టినారా కంపెనీవాళ్ళు?"

"ఎవురో" అంది కన్యకాంబ.

"పాపం."

పాపం. చిలకాకుపచ్చ చీర కట్టుకున్న మనిషి, కనిపించిన రాయికల్లా కుంకుమ పూసే మనిషి, తనను చూసి పాపం అంది. కోపం రావాలి. రాలేదు. ఎక్కడో లోపల, చాలాకాలంగా బిగించి ఉన్న ఒక మూత కదిలింది. చిన్నచూపు చూడటం కూడా ఒక ఉద్యోగమే, అనిపించింది ఆమెకు, పొద్దున లేచిన దగ్గర్నుంచీ తీరికుండదు, ఇంత పని చేసినవాళ్ళు ఇంకో పని చేయనక్కర్లేదు. ఎత్తైన చోటు అది. అక్కడి నుంచి అందరి నడినెత్తులూ కనిపిస్తాయి, బట్టతలలు, రంగేసిన జుట్టు, వాడిన మల్లెలు. కానీ ఆ చోటు ఎవరికీ కనిపించదు. లక్ష్మీకాంత్‌కు తను ఇన్నేళ్ళుగా అతన్ని ఎలా చూస్తోందో తెలియనే తెలియదు. అతను హాయిగా ఉన్నాడు. చిన్నచూపు అతని ఒంటి మీద వాన చినుకంత కూడా పడలేదు. తడిసింది తనే. పొద్దున కార్లో, కనకమ్మ సత్రం కూడలిలో లారీ అడ్డం వచ్చి ఆగినప్పుడు, అతను కిటికీలోంచి కొత్త షట్టరు చూపించాడు, ఆమె ఎంచిన రంగే, పండిన తాటికాయ ఊదా. "బాగుండాది గదా" అన్నాడు. "ఈ పొద్దు శరత్‌ని స్టేజి ఎక్కిస్తాను. అక్క అడిగింది, కాదంటే బాగుంటాదా. నీకెందుకు ఈ దుమ్ములో, లారీలోళ్ళు, మేస్త్రీలు. ఆడమనిషి కూర్చునే చోటా ఇది." తను ఏమంది? "సరే" అంది. "కోపమా?" అన్నాడు. "నాకెందుకు కోపం" అంది, ఆ మాట అన్న తన గొంతు ఎంత గంభీరంగా వినిపించిందో గుర్తుంది, అతని వైపు చూడకుండా, లారీ వెనక రాసిన తిరుక్కురళ్ పద్యం చదువుకుంటూ. అతను నిజంగానే అడిగాడేమో. కోపమా అని. ఆ ఒక్క క్షణం తలుపు తెరిచే ఉందేమో. తను మాత్రం గుమ్మంలో నిలబడి తలుపు చెక్కకు వేసిన రంగును తప్పుపడుతోంది.

అడగాల్సింది ఒక్క మాట. సత్రం అంగడి నాకు కావాలి. అంతే మాట. దాంట్లో నీచం ఏముంది? ఓడలో కక్కుకుంటూ అతను అనగలిగిన మాటను తను ఆరోగ్యంగా కూర్చుని అనలేకపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఇప్పుడే తోచింది, తోచగానే మళ్ళీ కప్పెయ్యాలనిపించింది: అతను ఇవ్వకపోవడమే తనకు కావాల్సింది కావచ్చు. ఇచ్చేస్తే ఇంక ఎవరిని చిన్నచూపు చూస్తుంది? ఆ ఖాళీ గదిలో తప్పయితే తన తప్పు, రంగు చెడితే తన రంగు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళకు ఓటమి లేదు. పక్కన తుండుగుడ్డ ఉంది గదా, అన్నింటికీ అదే పూచీ.

పాట ఆగింది. దీపాలు వెలిగాయి, అందరూ కళ్ళు చికిలించారు. పార్థిబన్ మైకు తీసుకుని రెండుసార్లు ఊదాడు. వేదిక మీద ఒకమ్మాయి పళ్ళెంలో తాళాలు సర్దుతోంది, ప్రతి తాళానికీ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ముందుగా కంపెనీ సాధించిన ప్రగతి గురించి రెండు మాటలు, అన్నాడు పార్థిబన్. తలుపు దగ్గర శరత్‌కుమార్ ఇంకా బ్రష్షు బొమ్మ భుజం మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు, ఎవరో అతన్ని ఫోటో తీస్తున్నారు, నవ్వు మార్చి ఇంకొకటి తీయమంటున్నాడు. మంచి పిల్లవాడే. బుర్ర లేదు గానీ మంచివాడే. వాడిని చిన్నచూపు చూడటం కూడా ఎంత తేలిక, అరచేతిలో ఉన్నంత తేలిక. హెల్మెట్ అలాగే ఉంది కుర్చీలో. నల్లటి, గుండ్రటి, మొహం లేని తల. వాడి తుండుగుడ్డ.

ఆమె లేచింది.

"యాడికక్కా? బాత్రూం అటు పక్క" అంది అమృతవల్లి.

వరసల మధ్య తివాచీ పరిచారు, పెళ్ళివాళ్ళదే, అక్షింతలు ఇంకా దాని పోగుల్లో చిక్కుకుని ఉన్నాయి. ఎవరైనా చూస్తున్నారా? చూస్తే ఏమనుకుంటారు? మొగుడికి మాత్ర ఇవ్వడానికి వెళ్తోంది అనుకుంటారు. అనుకోనీ. ఒక్కసారిగా ఆమెకు ఎవరి మీదా ఏ అభిప్రాయమూ లేకుండా పోయింది, ఇది వింతగా, కొంచెం భయంగా ఉంది, కాళ్ళ కింద ఎత్తుపీట తీసేసినట్టు. ఈ కొద్ది దూరంలో రంగులు కూడా కనిపించడం మానేశాయి. మొదటి వరస. తిరుత్తణి కుర్చీ. లక్ష్మీకాంత్ తలెత్తాడు.

"ఏమి? ఏమైంది? ఒళ్ళు బాగలేదా?"

అతని మొహంలో నిజంగానే కంగారు ఉంది. ఇది కూడా కొత్తగానే చూసింది. చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చి, పెద్దదైపోయి, బయటికి పట్టలేదు. చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఆమె వంగి సత్రం కుర్చీలోంచి హెల్మెట్ రెండు చేతులతో ఎత్తి, అతని ఒళ్ళో పెట్టింది.

"రవంత పట్టుకోండి" అంది.

అతను పట్టుకున్నాడు, చేతికిచ్చింది కాబట్టి. ఆమె కుర్చీ ముందు నిలబడి, ఒక కాలి చెప్పు, తరువాత రెండో కాలి చెప్పు విడిచి, వాటిని పక్కపక్కన సర్దింది. కూర్చుంది.